రెండు ఆదివారాలు

ముహమ్మ,
19 అక్టోబరు 2025, ఆదివారం

బీరాన్,

పొద్దున ఎండ. మధ్యాహ్నం రెండు దాటాక తులావర్షం, ఉరుములు. ఉదయం నిచ్చెన వేసుకుని పెంకుల మీద పేరుకున్న ఆకులు తీశాను. వంటింటి మూల కారడం ఆగింది.

ఇప్పుడు సాయంత్రం ఐదున్నర. ఆరేళ్లుగా ఆదివారం ఈ వేళకు మనిద్దరం మైదానంలో ఉండేవాళ్లం. నేను గోల్ ముందు, నువ్వు అవతలి సగంలో. ఇవాళ నేను రాలేదు. నువ్వు ఎదురుచూస్తూ ఉంటావు. ఫోనులో ఊ కొట్టడం తప్ప నాకేమీ రాదని నువ్వే అంటావు కదా, అందుకే రాస్తున్నాను.

విండోస్ పదికి ఈ పద్నాలుగో తేదీతో గడువు తీరింది. ఇక దానికి మరమ్మతులు రావు. పదకొండు పెట్టుకుందామంటే మా ఊళ్లో సగం కంప్యూటర్లు దానికి సరిపోవు, కొత్తవి కొనుక్కోమంటున్నారు. చక్కగా పనిచేస్తున్న వస్తువును చెత్తలో వేయమంటే నాకు మనసొప్పలేదు. రెండు నెలలుగా శని, ఆదివారాలు పొద్దున పూట గ్రంథాలయం హాల్లో కూర్చుని, తెచ్చినవాళ్లందరి కంప్యూటర్లకూ లినక్స్ ఎక్కిస్తున్నాను. నిన్నటితో ముప్పై ఒకటి అయ్యాయి. కక్క గుల్లల సహకార సంఘంవాళ్లది కూడా మార్చాను. పిల్లలు బడిలో నేర్చుకునేది ఇదే కనుక వాళ్లకు తేడా తెలియదు. పెద్దవాళ్లతోనే తంటా. లాటరీ టికెట్లమ్మే శశాంకన్ రోజూ వచ్చి "నా స్టార్ట్ బటన్ ఎక్కడ దాచావు?" అని అడుగుతాడు.

నాది కూడా పూర్తిగా మార్చేశాను. బ్యాంకు పని, పాటలు, సినిమాలు అన్నీ సాగుతున్నాయి. ఆటలు కూడా. చదరంగం, లారీల ఆట, కార్ల పందెం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. మన ఫుట్‌బాల్ ఒక్కటే రావడం లేదు. దానికి దొంగాట ఆడేవాళ్లను పట్టుకునే కాపలా ప్రోగ్రాం ఒకటి ఉంది. లినక్స్ కనబడగానే అది నన్నూ దొంగ కింద లెక్కవేసి గేటు దగ్గరే ఆపేస్తోంది. మూడు రోజులు ప్రయత్నించాను. ఇంకా చేస్తాను. కొన్ని ఆదివారాలు ఓపిక పట్టు.

ఖదీజను అడిగానని చెప్పు.

సుగతన్

*

అరీకోడ్,
27 అక్టోబరు

ఒరేయ్ సుగతా,

ఉత్తరమా అది, వాతావరణ శాఖ బులెటినా? పెంకులు, ఆకులు, ఉరుములు అయ్యాక ఎక్కడో చివర్లో "నేను రాను" అని. పోస్ట్‌మాన్ చేతికిస్తూ "ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేదెవరు ఇక్కా?" అన్నాడు. మా కీపర్ అన్నా. ఇంకా ఆడుతున్నారా అన్నాడు. ఆడుతున్నాం, పోయిన వారం నుంచి ఆగింది అన్నా.

ఆ ఆదివారం ఏం జరిగిందో విను. ఐదింటికి కూర్చున్నా. నువ్వు లేవు. ఐదుంపావుకీ లేవు. నీ బదులు మెషీనే ఓ కీపర్ని నిలబెట్టింది. వాడు బంతి కనిపిస్తే చాలు ముందుకు దూకుతాడు, అడుగు తీసి అడుగు వేయడానికి నీలా పంచాంగం చూడడు. ఆరు గోల్స్ తిన్నాడు. పంచాంగం చూసే నువ్వు మూడే తింటావు. నీ విలువ అప్పుడు తెలిసిందిరా నాకు.

నిన్ను దొంగ అందా ఆ కాపలా ప్రోగ్రాం? నిన్నా? కొండోట్టిలో మనం ఆడిన ఏడుగురేసి సెవెన్స్ ఫైనల్లో బంతి గీత దాటిన సంగతి రిఫరీ చూడలేదు, లైన్స్‌మన్ చూడలేదు, నువ్వే చెయ్యెత్తి "గోల్ అయింది సార్" అని చెప్పేశావు. గ్యాలరీ మొత్తం నీ అమ్మా నాన్నల్ని తలుచుకుంది. ఏడుగురిలో ఆరుగురం నీతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ ప్రోగ్రాంకి చెప్పు ఈ సంగతి.

తమాషా చాలు. పాతది మళ్లీ పెట్టుకో. ఊరందరికీ అరగంటలో చేసిపెట్టే పని నీకు నువ్వు చేసుకోలేవా? ఓ మూల పడేసి ఉంచు. ఆదివారం రెండు గంటలు తెరువు, మూసెయ్. ఎవరికి తెలుస్తుంది?

తొందరపెట్టడానికి కారణం ఉంది. ఫోనులో చెబితే నువ్వు ఊ అంటావు. ఆ ఊ నేను వినలేను. అందుకే ఈ కాగితం. జూన్ నుంచి ఎడం చెయ్యి జారిపోతోంది. గ్లాసు పడింది, తాళం పడింది, వయసనుకున్నా. కోజికోడ్‌లో పెద్ద డాక్టర్ పరీక్షలన్నీ చేశాడు. నరాల నుంచి కండలకి కబురు అందట్లేదంట. కబురు అందని కండ నిద్రపోతుందంట, మళ్లీ లేవదంట. మందు లేదా అని అడిగితే ఆయన నన్ను వదిలేసి ఖదీజ వైపు చూశాడు. మాట కూడా ముద్దగా వస్తోంది. ఓణం ముందు హెడ్‌ఫోన్లో నన్ను "పట్టపగలే తాగావా?" అన్నావు, గుర్తుందా? తాగలేదురా.

కుడి చెయ్యి బాగానే ఉంది. జాయ్‌స్టిక్ తొడ మీద అడ్డంగా పెట్టుకుని, కుడి బొటనవేలితో పరుగు, చూపుడువేలితో కొట్టడం నేర్చుకున్నా. ఫుట్‌బాల్ ఆడేవాడికి చేతులెందుకు అని ఖదీజతో అంటే నవ్వలేదు. నువ్వైనా నవ్వు.

త్వరగా రా.

బీరాన్‌కుట్టి

*

ముహమ్మ,
9 నవంబరు 2025, ఆదివారం

బీరాన్,

నిన్నటి నుంచి వాన లేదు. కాయల్ నీళ్ల మీద గాలి బాగా వీస్తోంది. బావిలో బ్లీచింగ్ పొడి వేశాను.

నీ ఉత్తరం ముప్పయ్యో తేదీన వచ్చింది. రోజూ డైరీలో "బీరాన్‌కు రాయాలి" అని రాసి మూసేశాను. పది రోజులు అదే రాశాను. నీ చేతి గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. గురువారం ఆలప్పుళలో ఒక డాక్టర్‌గారి ఇంటికి కంప్యూటర్ పని మీద వెళ్లి, స్నేహితుడికి అని చెప్పి అడిగాను. ఆయన చెప్పింది ఇక్కడ రాయను. నీకు తెలిసిందే.

పాతది ఎందుకు పెట్టుకోలేనో నీకు చెప్పాలి. మొదటి ఉత్తరంలో ఇది రాయలేదు.

సెప్టెంబరులో గ్రంథాలయం హాల్లో మీటింగు జరిగింది. నలభై మంది దాకా వచ్చారు. ఎందుకు మారాలో, ఏది పోతుందో, ఏది పోదో నాకు చేతనైనట్టు చెప్పాను. చివర్లో తంగమణి టీచర్ లేచింది. నీకు తెలియదు, మా హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయింది. "అంతా బాగుంది సుగతా, నీ ఇంట్లో పాతది ఏ మూలనైనా ఉందా?" అని అడిగింది. అందరూ నా వైపు చూశారు. "లేదు టీచర్" అన్నాను.

అప్పటికి ఉంది. రెండో డిస్క్‌లో, మన ఆదివారాల కోసం, పాతది అలాగే ఉంచుకున్నాను. ఎందుకు లేదన్నానో నాకే తెలియదు. నోటికి అది వచ్చింది. ఇంటికి వచ్చి నాలుగు వారాలు ఆ అబద్ధంతోనే నీతో ఆడాను. తరువాత ఒక సాయంత్రం ఆ డిస్క్ తుడిచేశాను. నేను చెప్పిన మాట అప్పటికి నిజమైంది.

ముప్పై ఒక్కమంది నా మాట మీద తమ వస్తువులు తెచ్చి నా చేతిలో పెట్టారు. వాళ్లను ఒక గట్టున ఉంచి నేను ఇంకో గట్టున పడవ కట్టుకుంటే ఎలా? ఎవరికీ తెలియదంటావు. నాకు తెలుస్తుంది.

ఉచితంగా దొరికే ఫుట్‌బాల్ ఒకటి ఉంది. నీ విండోస్ మీద, నా లినక్స్ మీద, రెండిటి మీదా నడుస్తుంది. కాపలా ప్రోగ్రాం లేదు. ఎలా ఎక్కించాలో వేరే కాగితం మీద వరసగా రాసి ఇందులో పెట్టాను. ఖదీజ చేయగలదు. వచ్చే ఆదివారం ఐదింటికి అందులో కలుద్దాం.

సుగతన్

*

అరీకోడ్,
20 నవంబరు

సుగతా,

చెప్పేది నేను, రాసేది ఖదీజ. పెన్ను నా మాట వినడం మానేసింది. నేను చెప్పినవన్నీ ఈవిడ రాయడం లేదు. (బూతులు రాయను. ఖదీజ.) చూశావా.

నీ ఉచిత ఫుట్‌బాల్ ఆడాం కదా. వాళ్లు ఆటగాళ్లట్రా? వడ్ల బస్తాలకి నిక్కర్లు తొడిగి మైదానంలో దించినట్టున్నారు. బంతి నేను ఇక్కడ తన్నితే నీ దగ్గరికి మర్నాడు చేరుతుంది. గోల్ కొట్టి, సులైమాని టీ తాగి, గ్లాసు కింద పెట్టి చూస్తే నువ్వింకా గాల్లోనే ఉన్నావు. గ్యాలరీ లేదు, అరుపులు లేవు, పుట్టినూరు లేని ఆట. నువ్వు మంచి మనసుతో పంపావు, కాదనను. మళ్లీ ఆడమనకు.

ఇప్పుడు నా లెక్క విను. పాలియేటివ్ క్లినిక్ వాళ్లు వారానికోసారి ఇంటికి వస్తున్నారు. నర్సు సౌదామిని కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని "నా చెయ్యి నొక్కండి ఇక్కా" అంటుంది. పోయిన వారం నాలుగు వేళ్లు నొక్కాయి. ఈ వారం రెండే. బొటనవేలు, చూపుడువేలు. నా ఆటకి ఆ రెండూ చాలు, అదృష్టం చూడు. క్రిస్మస్ దాకా ఉంటాయా అని అడిగా. ఆ పిల్ల మంచిది, అబద్ధం చెప్పదు. "చెప్పలేను ఇక్కా, త్వరపడే పనులుంటే త్వరపడండి" అంది.

నాకు వేరే త్వరపడే పనులేం లేవు. ఇల్లు ఉంది, ఖదీజకి పింఛను కాగితాలు అయ్యాయి, పిల్లలు లేరు. ఉన్నదల్లా నీతో నాలుగు ఆదివారాలు. ఫోనులో నీ ఊ, ఇంటికొస్తే నీ మౌనం, ఇవి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. నువ్వు మాట్లాడేది ఒక్క మైదానంలోనే. "ఎడమ చూసుకో" అంటావు, "వదులు, నేనున్నా" అంటావు. బతికినన్నాళ్లూ నాతో ఇంకెవరూ అంతసేపు మాట్లాడలేదు. (నేను మాట్లాడతాను. ఖదీజ.) ఈవిడ మాట్లాడుతుంది, నిజమే.

నీ మాట నీకు ముఖ్యం. నాకు తెలుసు. అడగాల్సింది అడిగేశా. ఇంక అడగను.

బీరాన్

సుగతేట్టా, ఈ కింది నాలుగు ముక్కలు ఆయన చెప్పినవి కావు. ఆదివారం నాలుగున్నరకే ముఖం కడగమంటారు. చొక్కా మార్చమంటారు. ఐదింటికి ఆట తెరిపించుకుని మీరు వచ్చి తెర మీద మీ పేరు పచ్చగా అవుతుందేమోనని చూస్తారు. ఆడరు. ఏడింటిదాకా చూసి మూయమంటారు.

ఖదీజ

*

ముహమ్మ,
30 నవంబరు 2025, ఆదివారం

బీరాన్,

మబ్బు. సన్న జల్లు. గేటు కీలు బిగించాను.

పాతది పెడుతున్నాను. పద్నాలుగో తేదీ ఆదివారం ఐదింటికి వస్తాను.

ఈలోపు రాలేను. పాత డిస్క్ తుడిచాక సహకార సంఘానికి ఇచ్చేశాను. కొచ్చి నుంచి కొత్తది రావాలి. పంచాయతీ ఎన్నికల హడావిడిలో పార్సిళ్లు ఆలస్యం అవుతున్నాయి. పదమూడుకు తప్పక వస్తుందన్నారు.

అంతవరకు వేళ్లు జాగ్రత్త. ఊరికే ఆడి అలసిపోనివ్వకు.

సుగతన్

*

ముహమ్మ,
14 డిసెంబరు 2025, ఆదివారం

బీరాన్,

ఆట ఆపి ఇప్పుడే లేచాను.

ఐదింటికి ఐదు నిమిషాలుండగా వచ్చాను. నీ పేరు పచ్చగా ఉంది. హెడ్‌ఫోన్లో ఖదీజ "వచ్చారు, వచ్చారు" అంది. ఆ తరువాత నీ ఊపిరి వినిపించింది. కాపలా ప్రోగ్రాం ఈసారి నన్ను ఏమీ అనలేదు.

ఈల వేశారు. నువ్వు మధ్య వలయం దగ్గర నిలబడి ఉన్నావు. మొదటి బంతి నా చేతికి వచ్చింది. ఎడమ పక్క ఖాళీ చూసి, నువ్వు ఎప్పుడూ పరుగెత్తే చోటికి విసిరాను. నువ్వు పరుగెత్తలేదు. బంతి గీత దాటి పోయింది. రెండోది నీ కాళ్ల దగ్గరికే పంపాను. కాళ్లకు తగిలి ఆగింది. అవతలివాడు వచ్చి తీసుకుపోయాడు. నీ చుట్టూ అందరూ పరుగెడుతున్నారు, నువ్వొక్కడివే నిలబడి ఉన్నావు. లైను సరిగా లేదేమో అనుకున్నాను. నిజానికి అలా అనుకోలేదు. అనుకోవాలని చూశాను.

ఏడుసార్లు నీకే పంపాను. తరువాత "బీరాన్" అని పిలిచాను. ఖదీజ "ఉన్నారు, వింటున్నారు" అంది. ఈల వేసేదాకా గోల్ ముందు నిలబడ్డాను. నాలుగు గోల్స్ పడ్డాయి.

ఏమైందో రాయించు.

సుగతన్

*

అరీకోడ్,
20 డిసెంబరు

సుగతేట్టా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. ఆయన పక్కనే ఉన్నారు, రాసింది చదివి వినిపించాకే కవరు అంటిస్తాను.

పదో తేదీ బుధవారం పొద్దున లేపేసరికి ఆ రెండు వేళ్లూ కదల్లేదు. మీకు ఫోను చేస్తానన్నాను. వద్దని తల ఊపారు. మీరు అన్నీ మార్చుకుని ఆటకు వస్తున్నారు, వచ్చాక చూద్దాం, ఆ రోజుకి ఏమైనా కదులుతాయేమో అని ఆయన ఆశ. జాయ్‌స్టిక్ తొడ మీద పెట్టి, వేలు దాని మీద నేనే పెట్టాను. ఆటంతా అలాగే కూర్చున్నారు.

ఏడో తేదీ ఆదివారం బాగానే కదిలాయి. మీరు చెప్పింది పక్కన పెట్టి, పద్నాలుగుకి చెయ్యి అలవాటు తప్పకూడదని ఒక్క ఆట ఆడారు. గోల్ కొట్టారు. వంటింట్లోంచి నన్ను పిలిచి, అది మళ్లీ వేసి చూపించారు. నాకు ఆట తెలియదు, అయినా బాగుందన్నాను. "కీపర్ ఉంటే చూసేవాడు" అన్నారు. ఆ మాటకే ఐదు నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఆ మాత్రం కూడా రావడం లేదు.

సౌదామిని అక్షరాల అట్ట ఒకటి ఇచ్చింది. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ పోతాను, కావలసిన దాని దగ్గర కళ్లు మూస్తారు. కింద ఉన్నది రెండు సాయంత్రాల పని. ఒక్క అక్షరం కూడా నాది కాదు.

ఏడు బంతులూ చూశా. మంచి బంతులు. ఇక్కడికి రా. చేతులు నీవి, కళ్లు నావి.

ఖదీజ

*

ముహమ్మ,
4 జనవరి 2026, ఆదివారం

బీరాన్,

తెల్లవారుజామున మంచు. ఇప్పుడు మంచి ఎండ. పొద్దున కొబ్బరికాయలు కొట్టి చిప్పలు పెరట్లో ఆరబోశాను.

సోమవారం సాయంత్రానికి ఇల్లు చేరాను. మీ ఇంట్లో రెండు రోజులున్నాను. నీ మంచం పక్కన కూర్చుని ఒకటి చెప్పాలని వచ్చాను. చెప్పలేదు. నువ్వు ఎంత తెలివైనవాడివో, నా ముఖం చూసి ఏదో ఉందని కనిపెట్టావు, రెండుసార్లు కళ్లతోనే ఏమిటని అడిగావు. నేను దిండు సరిచేశాను.

ముందు మన ఆట సంగతి. ఆదివారం ఐదింటికి జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టుకుని నీ పక్కన కూర్చున్నాను. ఖదీజ తెర పక్కన నిలబడి నీ కళ్లనే చూస్తూ "ఎడమ", "కుడి", "కొట్టండి, కొట్టండి" అని అరిచింది. సెవెన్స్ గ్యాలరీలో కూడా అలాంటి గొంతు నేను వినలేదు. ఆమె అరిచేలోపు బంతి పోయేది. మూడు గోల్స్ తిన్నాక నేను ఆపేద్దామన్నాను. నువ్వు కళ్లు మూయలేదు. వద్దన్నావని ఖదీజ చెప్పింది. చివర్లో ఎడమ పక్క నుంచి లోపలికి తిరిగి కొట్టడం ఆమె అరవకముందే జరిగింది. నేను నీ కళ్లు చూడలేదు, తెరే చూస్తున్నాను. అది నేను చేసిన పని కాదు. గోల్ ముందు నిలబడి ముప్పై ఏళ్లు నీ వీపు చూశాను, నువ్వు అక్కడ ఏం చేస్తావో నా వేళ్లకు తెలుసు. బంతి లోపల పడగానే నీ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నవ్వే అంది ఖదీజ. ఈ జబ్బులో రెండూ ఒకలాగే ఉంటాయని సౌదామిని వాకిట్లో నాతో చెప్పింది.

ఇప్పుడు నేను చెప్పకుండా వచ్చింది.

డిస్క్ అబద్ధం. నేను దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. కొచ్చి నుంచి ఏమీ రావలసింది లేదు. నీ ఉత్తరం నవంబరు ఇరవై ఆరున అందింది. ఆ సాయంత్రం డిస్క్ నా బల్ల సొరుగులోనే ఉంది. అరగంట కూర్చుంటే అయిపోయేది. ముప్పయ్యో తేదీన నీతో ఆడేవాణ్ని. ఏడో తేదీన కూడా.

కూర్చోలేదు. పాతది లేదని నలుగురి ముందు చెప్పాను కనుక, మళ్లీ పెడుతున్నానని ఆ నలుగురి ముందే చెప్పి పెట్టుకోవాలనుకున్నాను. అలా చేస్తేనే శుభ్రంగా ఉంటుందని నాకు అనిపించింది. గ్రంథాలయం కమిటీలో సగం మంది ఎన్నికల ప్రచారంలో ఉన్నారు. పద్నాలుగో తేదీ పొద్దున పదింటికి గానీ కూర్చోరు. ఆగాను.

పద్నాలుగున లేచి నిలబడి చెప్పాను. సెప్టెంబరులో నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. స్నేహితుడి చేతులు పోతున్నాయని, ఆదివారం రెండు గంటలు పాతది వాడుకుంటానని, అందరూ ఒప్పుకోవాలని అడిగాను. ముందుగా శశాంకన్ "నేను పాతది మళ్లీ పెట్టించుకుని నెలయింది, నీకు చెప్పడానికి భయమేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. తంగమణి టీచర్ మాత్రం నవ్వలేదు.

"ఇది అడగడానికా ఇన్నాళ్లు ఆగావు?" అంది.

"ఆ రోజు మీరు అందరి ముందూ అడిగారు కదా టీచర్" అన్నాను.

"నేనడిగింది అందుకా? మా ఆయన ఫొటోలు ఏవో పాత సిస్టమ్‌లో గానీ తెరుచుకోవట్లేదు. నీ దగ్గర ఉంటే తెరిపించుకుందామని అడిగాను. లేదన్నావు, ఊరుకున్నాను. లే, ఇంటికి పో, ముందు ఆ పని చూడు."

పదకొండున్నరకు ఇంటికి వచ్చాను. పన్నెండుకల్లా పని అయిపోయింది. ఐదింటిదాకా తెర ముందే కూర్చున్నాను. చాలా తేలికగా అనిపించింది. అది కూడా నీకు చెప్పాలి. ఆ ఐదు గంటలు నేను సంతోషంగా ఉన్నాను.

ఖదీజ ఉత్తరం వచ్చాక డైరీ తీసి ఏడో తేదీ పేజీ చూశాను. "ఎండ. సైకిల్ చైనుకు నూనె వేశాను" అని ఉంది. వేరే ఏమీ లేదు. నువ్వు గోల్ కొట్టి చూడమని పిలిచిన వేళకు నేను పెరట్లో సైకిలు తిరగేసి కూర్చున్నాను. చేతిలో ఏ పనీ లేదు. ఇంట్లోనే ఉన్నాను.

ఎవరూ నన్ను ఆపలేదు బీరాన్. ఒకరు ఆపి ఉంటే వాళ్లను తిట్టుకునేవాణ్ని.

ఖదీజా, ఇది అతనికి మొత్తం చదువు. ఎక్కడా దాటవేయకు. నాకు జవాబు అక్కర్లేదు, ఒక్కో అక్షరానికి అతను పడే కష్టం చూశాను. తిట్టాలనుకుంటే మాత్రం రాయి, బూతులతో సహా.

ప్రతి ఆదివారం అతని పేరు వెలిగించి పెడతానన్నావు. అలాగే చెయ్యి. అతను మైదానంలో నిలబడితే చాలు, పరుగులు మిగతావాళ్లు చూసుకుంటారు. నేను అప్పుడప్పుడు మాట్లాడుతుంటాను. అతనికి వినపడేలా హెడ్‌ఫోన్ పెట్టు.

ఐదు కావస్తోంది. కొబ్బరి చిప్పలు ఇంకా పెరట్లోనే ఉన్నాయి. మంచు దిగకముందే బుట్టల్లోకి ఎత్తి పెట్టాలి. ఐదైంది, అవి ఉండనీ, నేను వస్తున్నాను.

సుగతన్